ఇటాలియన్ క్లాసిక్ స్పోర్ట్స్ కార్లు: యాజమాన్యం, పరిరక్షణ, వేడుకలు

1920ల నుంచి 1980ల దాకా ఇటలీలో పందేల కోసమో, పందేల్లో సంపాదించిన అనుభవంతోనో చాలా తక్కువ సంఖ్యలో తయారైన కార్లను ఇటాలియన్ క్లాసిక్ స్పోర్ట్స్ కార్లు అంటారు. అల్ఫా రోమియో, లాన్చియా, మసెరాటి, ఫెరారీ, లాంబోర్గినీ వీటిలో ప్రధానమైన పేర్లు. చిసితాలియా వంటి చిన్న సంస్థలు కొన్నేళ్ళే బతికినా చెరగని ముద్ర వేశాయి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా లెక్కలో చారిత్రక వాహనం అనిపించుకోవడానికి 30 ఏళ్ళు నిండాలి, తయారైనప్పటి రూపం చెక్కుచెదరకుండా ఉండాలి, రోజువారీ రాకపోకలకు వాడకూడదు. వయసు ఒక్కటే విలువ తేదు. ఎన్ని తయారయ్యాయి, ఏ పందెంలో పరుగెత్తాయి, ఎవరెవరి చేతులు మారాయి, ఎంత భాగం అసలుది మిగిలింది అన్న నాలుగు సంగతులూ కలిసి ఒక కారు స్థానాన్ని నిర్ణయిస్తాయి.

పుట్టిన చోటు

ఈ చరిత్రలో ఎక్కువ భాగం ఉత్తర ఇటలీలో, పో నది మైదానంలోని కొన్ని పట్టణాల మధ్యే నడిచింది. తూరిన్‌లో 1906లో విన్చెంజో లాన్చియా తన సంస్థను పెట్టాడు. మిలాన్‌లో 1910లో అల్ఫా మొదలైంది. తర్వాత నికోలా రోమియో చేతికి వచ్చి అల్ఫా రోమియో అయింది. బొలోన్యాలో 1914లో మసెరాటి సోదరులు షెడ్డు తెరిచారు. వాళ్ళ కార్ల ముందు కనిపించే త్రిశూలం ఆ ఊరి నడిబొడ్డున ఉన్న నెప్ట్యూన్ విగ్రహం చేతిలోనిదే. ట్రాక్టర్ల వ్యాపారంలో గడించిన ఫెరుచ్చో లాంబోర్గినీ 1963లో బొలోన్యా దగ్గరి సాంతాగతా అనే ఊళ్ళో కార్ల ఫ్యాక్టరీ కట్టాడు.

వీళ్ళందరిలోకీ పేరు మోసిన ఎంజో ఫెరారీ 1898లో మోదెనాలో పుట్టాడు. 1929లో స్కుదేరియా ఫెరారీ అనే పందేల జట్టును కూడగట్టి, సుమారు పదేళ్ళు అల్ఫా రోమియో కార్లనే నడిపించాడు. ఆ సంస్థతో తెగతెంపులు అయ్యాక కొన్నేళ్ళు తన పేరు పెట్టి కారు చేయకూడదన్న షరతు ఉండింది. అందువల్ల 1940లో అతను తయారు చేయించిన రెండు కార్ల మీద ఫెరారీ పేరు లేదు. వాటిని 815 అని మాత్రమే పిలిచారు. ఎనిమిది సిలిండర్లు, లీటరున్నర ఇంజను అని ఆ అంకెలకు అర్థం. ఆ ఇంజను పుట్టుక తెలుగు పాఠకులు ప్రత్యేకంగా పట్టించుకోదగిన విషయం. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. 1937లో దాంతే జాకోజా రూపొందించిన మామూలు కుటుంబ కారు ఫియట్ 508 సి, అంటే ఫియట్ 1100, దాని సిలిండర్ హెడ్లు రెండు తెచ్చి ఒకదాని వెనుక ఒకటి పేర్చి ఎనిమిది సిలిండర్ల ఇంజను కట్టారు. రెండు కార్లూ ఆ ఏడాది బ్రెషా పందెంలో దిగి మధ్యలోనే ఆగిపోయాయి. ఒకటి మాత్రం ఇప్పటికీ మిగిలి ఉంది. ఫెరారీ పేరుతో మొదటి కారు 125 ఎస్ యుద్ధం ముగిశాక 1947లో మారనెల్లోలో బయటికొచ్చింది. జోఆకీనో కొలంబో గీసిన దాని ఇంజనులో పన్నెండు సిలిండర్లున్నా, మొత్తం సామర్థ్యం లీటరున్నరే.

అదే ఫియట్ 1100 ఇంజనుతో తూరిన్‌లో చిసితాలియా 202 తయారైంది. పినిన్ ఫరీనా శాలలో రూపుదిద్దుకున్న దాని శరీరం బానెట్, ఫెండర్లు, లైట్లు వేరువేరు ముక్కలుగా కాక ఒకే పోతలా కనిపించేది. న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాల 1951లో కార్లనే కళాఖండాలుగా చూపిన ప్రదర్శనలో దీన్ని పెట్టింది, తర్వాత తన శాశ్వత సేకరణలోకి తీసుకుంది. ఇటలీ రోడ్ల మీద జరిగే మిల్లె మిల్యా పందెంలో 1947లో డ్రైవరు తాత్సియో నువోలారి దీని టాపు లేని నమూనాను వానలో నడిపి, తనకంటే ఎంతో పెద్ద ఇంజను ఉన్న అల్ఫా రోమియో తర్వాత రెండో స్థానంలో నిలిచాడు. 1,089 సీసీల చిన్న ఇంజను నుంచి అంత పని రాబట్టడం ఇటాలియన్ల పనితనానికి మంచి ఉదాహరణ.

రేకు పని

1960ల దాకా ఫ్యాక్టరీ ఇచ్చేది చాసిస్, ఇంజను, చక్రాలు. పై శరీరం కట్టడానికి వేరే శాలలు ఉండేవి. మిలాన్‌లో జగాతో, తూరింగ్, తూరిన్‌లో బెర్తోనే, పినిన్ ఫరీనా, మోదెనాలో స్కాల్యెత్తి. ఒకే చాసిస్ మీద రెండు శాలలు రెండు రూపాలు కట్టేవి. కొన్న మనిషి కోరితే మూడోది కూడా వచ్చేది. అరుదు అన్న మాటకు ఈ కార్ల విషయంలో అసలు ఆధారం ఇదే. కొన్ని రూపాలు లోకంలో ఒక్కటంటే ఒక్కటే ఉన్నాయి.

పని జరిగే తీరు మన ఊళ్ళలో కంచరి బిందె కొట్టే పనికి దగ్గరగా ఉండేది. కర్రతో గానీ ఇనుప తీగతో గానీ కారు ఆకారాన్ని నిలబెట్టుకుని, అల్యూమినియం రేకును ఇసుక నింపిన తోలు సంచి మీద పెట్టి సుత్తితో కొట్టి వంపు తెచ్చేవాళ్ళు. ఆ ఆకారానికి ఆనించి చూసి, మళ్ళీ కొట్టి, ముక్కలు అతికి, ఆకురాయితో సాపు చేసేవాళ్ళు. అందుకే స్కాల్యెత్తి శాల నుంచి వచ్చిన చాలా ఫెరారీల్లో కుడి ఫెండరుకూ ఎడమ ఫెండరుకూ కొలత సరిగ్గా సరిపోదు. ఒక కారు తలుపు ఊడదీసి మరో కారుకు బిగిస్తే పట్టదు. తెలియని మెకానిక్ దీన్ని లోపం అనుకుని రెండు పక్కలా సమానం చేస్తే, ఆ కారు విలువలో పెద్ద భాగం టింకరింగ్ షెడ్డులోనే పోతుంది.

తూరింగ్ శాల 1930లలో సూపర్‌లెజ్జెరా అనే పద్ధతికి పేటెంటు పొందింది. సన్నటి ఉక్కు గొట్టాలతో పంజరం కట్టి, దాని మీద పలచటి అల్యూమినియం తొడిగేవారు. బరువు బాగా తగ్గింది. అయితే ఉక్కూ అల్యూమినియమూ ఒకదానికొకటి తగిలే చోట తేమ చేరితే రెంటి మధ్యా రసాయనిక చర్య మొదలై అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. వీటి యజమానులకు ఈనాటికీ తీరని బాధ ఇది.

పేరెన్నికగన్న కార్లు

విత్తోరియో యానో రూపొందించిన అల్ఫా రోమియో 8సి 2300 ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల పందేన్ని 1931 నుంచి 1934 వరకు వరుసగా నాలుగేళ్ళు గెలిచింది. దాని తర్వాత వచ్చిన 8సి 2900 యుద్ధానికి ముందు కాలపు ఇటాలియన్ కార్లలో శిఖరమని సేకర్తల్లో దాదాపు అందరూ ఒప్పుకుంటారు. అలాంటిది ఒకటి 2016లో కాలిఫోర్నియా వేలంలో 1.98 కోట్ల డాలర్లకు పోయింది. లాన్చియా 1950లో అమ్మకానికి తెచ్చిన ఆరేలియాలో వి6 ఇంజను ఉంది. మామూలు కొనుగోలుదారుల కోసం తయారైన కార్లలో అలాంటి ఇంజను అదే మొదటిది. అదే సంస్థ పేరుతో వచ్చిన స్త్రాతోస్ పూర్తిగా ర్యాలీల కోసమే పుట్టింది. బెర్తోనే శాలలో మార్చెల్లో గందీని గీసిన దాని శరీరంలో ఫెరారీ వారి దీనో వి6 ఇంజను ఉంది. 1974, 1975, 1976 సంవత్సరాల్లో ప్రపంచ ర్యాలీ టైటిల్ దానిదే.

లాంబోర్గినీ మియురా 1966 జెనీవా ప్రదర్శనలో కనిపించినప్పుడు అందరినీ ఆశ్చర్యపరిచింది దాని వి12 ఇంజను స్థానం. డ్రైవరు వెనుక, అడ్డంగా పెట్టారు. దీని రూపమూ గందీనిదే. మొత్తం 760కి పైగా తయారయ్యాయి. అంటే అరుదైన వాటిలో ఇది కాస్త ఎక్కువగా దొరికేది.

అన్నిటికీ పైన ఫెరారీ 250 జీటీఓ ఉంది. 1962 నుంచి 1964 వరకు 36 మాత్రమే వచ్చాయి. 3 లీటర్ల వి12 ఇంజను, సుమారు 300 హార్స్‌పవర్. జొత్తో బిజ్జారీని పని మొదలుపెట్టి మధ్యలో సంస్థ వదిలి వెళ్ళగా, ఇరవైల్లో ఉన్న మౌరో ఫోర్గియెరి పూర్తి చేశాడు. రోడ్డు మీద నడపడానికీ పందెంలో దించడానికీ ఒకే కారు పనికొచ్చిన చివరి రోజులకు ఇది గుర్తు. ఇది అందంగా కనిపించాలని ఎవరూ గీయలేదు. గాలిని చీల్చుకుపోవాలన్న ఒక్క అవసరం నుంచే ఆ రూపం వచ్చింది. 2019లో బొలోన్యా న్యాయస్థానం ఈ రూపాన్ని కళాసృష్టిగా గుర్తించి, నకళ్ళ నుంచి రక్షణ కల్పించింది.

ధరల నడక

ఇప్పటి ధరలు చూసి ఈ కార్లు ఎప్పుడూ ఇలాగే ఏలాయనుకుంటే పొరపాటు. పందెం కారుకు రెండేళ్ళు దాటితే దాని పని అయిపోయినట్టే. కొత్త నమూనా రాగానే పాతది చవగ్గా పోయేది. కొత్తలో అమెరికాలో 250 జీటీఓ ధర దాదాపు 18,000 డాలర్లు. వాటిలో ఒక దాన్ని యజమాని టెక్సాస్‌లోని విక్టోరియా హైస్కూల్‌కు, పిల్లలు మెకానిక్ పని నేర్చుకోవడానికని ఇచ్చేశాడు. 1970ల మొదట్లో స్కూలు దాన్ని 6,500 డాలర్లకు అమ్మింది. కొన్న మనిషి దగ్గర అది ఏళ్ళ తరబడి ఆరుబయట ట్రెయిలర్ మీద ఎండావానలకు నిలబడింది. ఎంజో ఫెరారీ 1988లో చనిపోయాక ధరలు ఆకాశానికెక్కి, 1990లో ఒక్కసారిగా కూలి, తిరిగి కోలుకోవడానికి చాలా ఏళ్ళు పట్టాయి. 2018లో ఒక 250 జీటీఓ వేలంలో 4.84 కోట్ల డాలర్లు పలికింది. 2023 నవంబరులో న్యూయార్క్‌లో మరొకటి 5.17 కోట్ల డాలర్లకు చేరింది. 1965లో లె మాన్ గెలిచిన ఫెరారీ 250 ఎల్‌ఎం 2025 ఫిబ్రవరిలో పారిస్‌లో దాదాపు 3.49 కోట్ల యూరోలకు పోయింది. లె మాన్‌లో ఫెరారీ దాని తర్వాత మళ్ళీ గెలవడానికి 2023 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ధరకు కారణాల్లో అదీ ఒకటి.

దొరికిన తీరు కూడా ధర పెంచుతుంది. పశ్చిమ ఫ్రాన్స్‌లో రవాణా వ్యాపారం చేసిన రోజె బయోన్ 1950లు, 60లలో కొని షెడ్లలో పెట్టిన కార్లు దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయాయి. 2014లో వేలం సంస్థ వాళ్ళు వెళ్ళి చూసేసరికి, పాత పత్రికల కట్టల కింద ఒక ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ బయటపడింది. ఒకప్పుడు అది నటుడు అలాన్ దెలోన్ వాడిన కారు. 2015లో పారిస్‌లో ఆ దుమ్ముతోనే వేలానికి పెట్టారు. దాదాపు 1.63 కోట్ల యూరోలు వచ్చాయి. తుడిచి మెరుగు పెట్టి ఉంటే అంత వచ్చేది కాదని వేలాల సంగతి తెలిసినవాళ్ళు చెబుతారు.

నంబర్లు, కాగితాలు, నకళ్ళు

యజమాని నిజంగా కొనేది చాసిస్ నంబరు. ఇంజను మారవచ్చు, శరీరం మారవచ్చు, రంగు పదిసార్లు మారవచ్చు. ఫ్రేము మీద గుద్దిన అంకెలు మాత్రం ఆ కారు గుర్తింపు. కాబట్టి కొనేముందు నిపుణులు భూతద్దంతో ఆ అంకెలు చూస్తారు. అచ్చు లోతు, అక్షరాల వంపు, చుట్టూ లోహం రుద్దిన ఆనవాళ్ళు, పాత ఫ్యాక్టరీ అచ్చుల్లో ఒక అంకెకు ఉండే చిన్న విరుపు, ఇవన్నీ పరీక్షకు వస్తాయి. గేరు బాక్సు, వెనుక ఇరుసు, ఇంజను నంబర్లు ఫ్యాక్టరీ పుస్తకంతో సరిపోవాలి. ఆ తర్వాత పందేల ఫొటోలు, పాత ఇన్వాయిస్‌లు, యజమానుల ఉత్తరాలు. ఈ కాగితాల కట్ట బలంగా ఉంటే తుప్పు పట్టిన కారుకైనా ధర ఉంటుంది.

నకళ్ళ బెడద ఎక్కువ కావడానికి కారణముంది. నలుగురు కూర్చునే ఫెరారీ 250 జీటీఈ 950 దాకా తయారైంది. ఒకప్పుడు దానికి గిరాకీ లేదు. చాసిస్, ఇంజను మాత్రం ఖరీదైన 250 కార్లకు దగ్గరి చుట్టాలు. ఆ జీటీఈలను కోసి, కురచ చేసి, పైన జీటీఓ ఆకారం తొడిగిన కార్లు లోకంలో చాలా ఉన్నాయి. నకలని ఒప్పుకుని నడిపితే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. అసలుదని అమ్మినప్పుడే కోర్టుల దాకా వెళ్తుంది. దీన్ని అరికట్టడానికి ఫెరారీ 2006లో క్లాసికే అనే విభాగం తెరిచి, పాత కార్లను విప్పి పరీక్షించి ధ్రువపత్రం ఇస్తోంది. ఎర్ర అట్ట పుస్తకం రూపంలో వచ్చే ఆ పత్రం ఉన్న కారుకూ లేని కారుకూ ధరలో తేడా పెద్దదే. లాంబోర్గినీ కూడా 2015లో పోలో స్తోరికో పేరుతో ఇలాంటి విభాగం పెట్టింది.

మరమ్మతా, ఉన్నదున్నట్టా

చాలాకాలం వరకు పాత కారు చేతికి రాగానే పూర్తిగా విప్పి, రేకు గీకి, కొత్త రంగు కొట్టి, కొత్త తోలు కుట్టి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు కంటే ఎక్కువ మెరిసేలా చేయడమే గొప్పగా భావించేవారు. ఇప్పుడు మొగ్గు మారింది. అసలు రంగు ఒక్కసారే ఉంటుంది, అసలు తోలు ఒక్కసారే ఉంటుంది. గీకేశాక వాటిని ఎంత డబ్బు పెట్టినా తేలేరు. 1954లో యజమాని కూర్చున్న సీటు మడతలు చెప్పే విషయాన్ని కొత్త తోలు చెప్పదు. ఫీవా ఆమోదించిన తూరిన్ చార్టర్ కూడా ఇదే చెబుతుంది: ముందు భద్రపరచాలి, తప్పనప్పుడే మరమ్మతు చేయాలి, చేసిన ప్రతి మార్పునూ రాసిపెట్టాలి. పురాతన శాసనాలను, గుడి శిల్పాలను కాపాడే సూత్రాన్నే యంత్రానికీ వర్తింపజేశారు. అది సరైన దారి.

అయితే యంత్రానికి ఒక అదనపు అవసరం ఉంది. శిల్పం కదలనక్కర్లేదు, కారు కదలాలి. నిలబడిపోయిన ఇంజనులో నూనె కిందికి జారిపోతుంది. సిలిండరు గోడకు పిస్టన్ రింగులు పట్టేస్తాయి. ఆయిల్ సీళ్ళు ఎండి చిట్లుతాయి. బ్రేకు నూనె గాలిలో తేమ పీల్చుకుని లోపలి పిస్టన్లను తుప్పు పట్టిస్తుంది. పాత వి12 ఫెరారీలో వెబర్ కార్బొరేటర్లు మూడు గానీ ఆరు గానీ ఉంటాయి; అన్నీ ఒకే స్థాయిలో గాలి లాగేలా సరిచేయాలి. అనుభవం ఉన్న మెకానిక్ ఒక్కో గొట్టం దగ్గర చెవి పెట్టి, బుసలో తేడా విని స్క్రూ తిప్పుతాడు. ఇంజను వేడెక్కనిదే గట్టిగా తొక్కకూడదు. గేరు బాక్సులో నూనె వెచ్చబడే దాకా కొన్ని నమూనాల్లో రెండో గేరు పడనే పడదు. ఇంత జాగ్రత్త తెలిసిన పనివాళ్ళు తగ్గిపోతున్నారన్నది యజమానులను పట్టి పీడించే బెంగ. డబ్బుకు కారు దొరుకుతుంది. ఆ చెవి ఉన్న మనిషి దొరకడం కష్టం.

వేడుకలు

ఈ కార్లు బయటికి వచ్చే సందర్భాలు రెండు రకాలు. నడిపి చూపేవి, నిలబెట్టి చూపేవి.

మొదటి రకంలో తలమానికం మిల్లె మిల్యా. 1927 నుంచి 1957 వరకు బ్రెషా నుంచి రోముకు, తిరిగి బ్రెషాకు, మూయని మామూలు రోడ్ల మీద సుమారు 1,600 కిలోమీటర్ల పందెం అది. 1955లో స్టిర్లింగ్ మాస్ 10 గంటల 7 నిమిషాల 48 సెకండ్లలో పూర్తి చేసి, గంటకు 157 కిలోమీటర్లకు పైగా సగటు సాధించాడు. ఆ కారు మాత్రం జర్మన్ మెర్సిడెస్. 1957లో గ్విదిజ్జొలో ఊరి దగ్గర అల్ఫోన్సో దె పొర్తాగో నడుపుతున్న ఫెరారీ టైరు పగిలి జనంలోకి దూసుకెళ్ళింది. అతనూ, పక్కన కూర్చున్న సహచరుడూ, తొమ్మిది మంది ప్రేక్షకులూ చనిపోయారు. ప్రేక్షకుల్లో ఐదుగురు పిల్లలు. దాంతో ఆ పందెం ముగిసింది. ఈ కార్ల వేగాన్ని పొగిడే ఏ రచనైనా ఆ పదకొండు మందిని ప్రస్తావించకుండా ఉండకూడదు.

1977లో అదే పేరుతో మొదలైనది వేగపు పందెం కాదు, నిర్ణీత సమయానికి నడిపే ర్యాలీ. 1927-57 మధ్య అసలు పందెంలో పాల్గొన్న నమూనాలకే ప్రవేశం. నాలుగు వందలకు పైగా కార్లు వస్తాయి. బయలుదేరే ముందు బ్రెషా చౌకులో ఒక్కో కారుకూ పాతకాలంలోలాగే సీసపు ముద్ర వేస్తారు. దారిలో అక్కడక్కడా రోడ్డుకు అడ్డంగా సన్నటి రబ్బరు గొట్టాలు పరిచి ఉంటాయి. వాటి మీద చక్రం ఎక్కే క్షణాన్ని సెకండులో నూరో వంతు దాకా లెక్కిస్తారు. పక్కన కూర్చున్న మనిషి గడియారం చూస్తూ అంకెలు వెనక్కి చదువుతుంటే డ్రైవరు అంగుళం అంగుళం ముందుకు కదుపుతాడు. ఊళ్ళ జనం, బడి పిల్లలు జెండాలతో రోడ్డు పక్కన నిలబడతారు. కోట్ల కారును వాన నీళ్ళలో, రాళ్ళ రోడ్డు మీద నడపడానికి యజమానులు సిద్ధపడడమే ఈ వేడుకలోని గొప్పతనం.

నిలబెట్టి చూపే వేడుకల్లో పాతది కోమో సరస్సు ఒడ్డున చెర్నోబ్బియోలో జరిగే విల్లా దెస్తే ప్రదర్శన. 1929లో మొదలై, యుద్ధం తర్వాత ఆగిపోయి, 1995లో తిరిగి లేచింది. నిర్ణేతల బహుమతితో పాటు, అక్కడికి వచ్చినవాళ్ళు ఓటు వేసి ఇచ్చే కొప్పా దోరో, అంటే బంగారు కప్పు, దీని ప్రత్యేకత. కాలిఫోర్నియాలో సముద్రం పక్కన 1950 నుంచి జరుగుతున్న పెబుల్ బీచ్ ప్రదర్శనకు ఇంకా పెద్ద పేరు. అక్కడ చాలా దశాబ్దాల పాటు పెద్ద బహుమతి యుద్ధానికి ముందు కార్లకే వెళ్ళేది. 2014లో 1954 నాటి ఫెరారీ 375 ఎంఎం ఆ ఆనవాయితీ తెంచింది. దర్శకుడు రొబెర్తో రొసెల్లీని కారు అది. ప్రమాదంలో దెబ్బతిన్నాక స్కాల్యెత్తి శాలలో కొత్త శరీరం తొడిగించుకున్నాడు. 1957లో మన దేశంలో పర్యటించి ఇండియా: మాతృభూమి చిత్రం తీసిన రొసెల్లీని ఇతనే.

భారతదేశంలో, తెలుగువారిలో

మన దేశంలో పాత కార్ల సేకరణ సంస్థానాధీశుల గ్యారేజీల నుంచి వచ్చింది. వాళ్ళ మక్కువ ఎక్కువగా ఇంగ్లీషు, అమెరికన్ కార్ల మీద ఉండేది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం సింహాసనపు కారు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకోగా, 1911లో ఆయన మరణించాక ఏడో నిజాం చేతికి వచ్చింది. మొత్తం నడిచింది కొన్ని వందల మైళ్ళే. 1964 నుంచి ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక నిర్వహించిన ర్యాలీ ఈ అభిరుచిని రాజుల ఆవరణ దాటించి మధ్యతరగతికి తెచ్చింది. తెలుగు మూలాలున్న పారిశ్రామికవేత్త జి.డి.నాయుడు కుటుంబ సంస్థ కోయంబత్తూరులో 2015లో తెరిచిన జీడీ కార్ మ్యూజియం దక్షిణాదిలో ఈ చరిత్రను నేర్పే చోటు.

ఇటాలియన్ స్పోర్ట్స్ కార్లు ఇక్కడికి రాకపోవడానికి ప్రధాన కారణం దిగుమతి సుంకం. ఆ భారం ఎంతటిదో 2003లో దేశమంతా చూసింది. బ్రాడ్‌మన్ 29 సెంచరీల రికార్డును అందుకున్నందుకు సచిన్ తెందూల్కర్‌కు ఫియట్ సంస్థ ఫెరారీ 360 మోదెనా బహుమతిగా ఇస్తే, కోటి రూపాయలు దాటిన సుంకం ఎవరు కట్టాలన్నది పెద్ద వివాదమై, చివరికి ఆ సంస్థే కట్టింది. పాత కార్లలో 1950కి ముందు తయారైన వాటికే చాలాకాలం సులువైన దిగుమతి ఉండేది. అంటే యుద్ధానంతర ఫెరారీలన్నీ ఆ గీతకు అవతలే మిగిలాయి.

కానీ ఇటలీ ఇంజను మాత్రం వేరే దారిన వచ్చి తెలుగునాట ఊరూరా తిరిగింది. బొంబాయిలో వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫియట్ లైసెన్సుతో 1100 కార్లు తయారు చేసింది. 1964లో వచ్చిన 1100 డిలైట్ 1970లలో ప్రీమియర్ ప్రెసిడెంట్‌గా, ఆ తర్వాత ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకుని 2000 ప్రాంతం దాకా సాగింది. ఎన్ని పేర్లు మారినా జనం నోట అది ఫియట్ కారే. స్టీరింగు పక్కన చేతి గేరు, 1,089 సీసీల ఇంజను. 68 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఈ ఇంజను, 1937లో జాకోజా ఫియట్ 508 సి కోసం గీసిన ఆ ఇంజను కుటుంబానిదే. ఎంజో ఫెరారీ మొదటి కారుకు హెడ్లు ఇచ్చినదీ, న్యూయార్క్ ప్రదర్శనశాలలో నిలిచిన చిసితాలియాను నడిపినదీ ఆ కుటుంబమే. కోస్తాలోని కావలిలోనో గూడూరులోనో ఒక డాక్టరు గారి ఇంటి ముందు దశాబ్దాలు నిలిచిన పద్మినిని తుక్కుకు తోలేముందు ఈ చుట్టరికం గుర్తు చేసుకోవాలి. 1950ల ఫియట్ 1100 పందెం నమూనాలు ఈనాటి మిల్లె మిల్యాలో అర్హత ఉన్నవే.

పందేల అనుభవం కూడా ఈ కోస్తా తీరానికి దూరం కాదు. కావలి మీదుగా మద్రాసు వెళ్ళే జాతీయ రహదారి మీదే, నగరానికి కొంచెం ఉత్తరంగా షోలవరం ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమాన పట్టీ అది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ మూడు దశాబ్దాలకు పైగా అక్కడ పందేలు నడిపింది. విదేశీ కార్లు కొనగలిగినవాళ్ళు కొద్దిమందే. మిగతావాళ్ళు ఫియట్ 1100 హెడ్ గీయించి, కార్బొరేటర్ మార్చి, సీట్లు పీకేసి దించేవాళ్ళు. మామూలు కారును పందెం కారుగా మార్చే ఇటాలియన్ పద్ధతి సరిగ్గా ఇదే. 1990 నుంచి ఇరుంగాట్టుకోట్టైలోని కొత్త ట్రాకుకు పందేలు తరలిపోయాయి.

చట్టం ఇప్పుడు దారి సులువు చేసింది. కేంద్ర మోటారు వాహన నిబంధనలకు 2021 జూలైలో తెచ్చిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు వింటేజ్ మోటారు వాహనాలు. రాష్ట్రం కోడు తర్వాత వీఏ అన్న అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది. తిరిగి చేయించడానికి 5,000. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు రోడ్డెక్కించవచ్చు. రోజువారీ తిరగడానికి, బాడుగకు వీల్లేదు. 1970ల మొదట్లో రిజిస్టరైన ఫియట్‌లకు ఈ అర్హత ఇప్పటికే వచ్చింది.

తీరప్రాంతంలో ఉంచుకునే పద్ధతి

సముద్రానికి పది కిలోమీటర్ల లోపు ఉన్న కావలి వంటి ఊళ్ళో పాత కారును నిలిపి ఉంచడం మిలాన్‌లో ఉంచడం కంటే కష్టం. ఉప్పుగాలి రేకు మడతల్లో, తలుపుల కింది అంచుల్లో, చక్రాల పైభాగాన ముందు పట్టుకుంటుంది. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల తేమ చిక్కుకుని తుప్పు ఎక్కువవుతుంది. గాలి ఆడే నూలు గుడ్డ కప్పాలి. షెడ్డులో నేల సిమెంటుదై, రెండు వైపులా గాలి తగలాలి. అడుగుభాగాన్ని ఏటా వానలకు ముందు మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మైనం లేదా గ్రీజు పూత వేయించాలి. తుపాను రోజుల్లో తడిసిన కారును అలాగే మూసి పెట్టకూడదు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను, కార్బొరేటర్ డయాఫ్రంలను మెత్తబరుస్తుంది. అందుకని గొట్టాలు ఇథనాల్ తట్టుకునే రకానివి వేయించి, నెలల తరబడి తీయని కారు ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేయడం మంచిది. బ్రేకు నూనె రెండేళ్ళకొకసారి మార్చాలి. ఎలుకలు వైరింగు కొరక్కుండా బానెట్ అప్పుడప్పుడు తెరిచి చూడాలి. పదిహేను రోజులకొకసారి స్టార్టు చేసి రెండు నిమిషాల్లో ఆపేయడం కంటే, నెలకొకసారి ఇంజను పూర్తిగా వేడెక్కే దాకా పదిహేను ఇరవై కిలోమీటర్లు నడపడం మేలు. కొద్దిసేపు తిప్పి ఆపితే సైలెన్సరులోనూ ఆయిల్‌లోనూ నీరు చేరుతుంది.